ఉప్పు ఒక్కదాని మీదే నేరం మోపకండి

మా మేనత్తకు ముప్పై ఆరో ఏట బీపీ వచ్చింది. మొదట ఒక బిళ్ల, ఏడాది తిరక్కుండా రెండు, ఆ తర్వాత మూడు. ఆవకాయ మానేసింది, అప్పడాలు మానేసింది, మజ్జిగన్నంలో ఉప్పు కూడా మానేసింది. అయినా పై అంకె 160 నుంచి దిగేది కాదు. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసేవి. మెట్లెక్కితే కాళ్ళు తేలిపోయేవి. చూడవచ్చిన వాళ్ళంతా ‘చాటుగా ఉప్పు తింటున్నావేమో, టెన్షన్ పడుతున్నావేమో’ అని ఆమెనే తప్పుపట్టారు. యాభై ఒకటో ఏట పక్షవాతం వచ్చి పోయింది. అన్నేళ్ళలో ఆమె అడ్రినల్ గ్రంథుల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం తేలేదో ఇప్పుడెవరూ చెప్పలేరు. ఎత్తకపోవడం మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

కిడ్నీల నెత్తిన చిన్న టోపీల్లా ఉంటాయి ఆ గ్రంథులు. వాటిలో తయారయ్యే ఆల్డోస్టెరోన్ అనే హార్మోను కిడ్నీకి చెప్పేది ఒకటే: ఉప్పును ఉంచుకో, పొటాషియాన్ని బయటికి పంపు. ఉప్పు వెంట నీరూ నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. మామూలుగా దీనికి పగ్గం ఉంది. బీపీ పడిపోయినప్పుడో ఒంట్లో ఉప్పు తగ్గినప్పుడో కిడ్నీ రెనిన్‌ను వదులుతుంది. ఆల్డోస్టెరోన్‌ను పెంచమనే కబురు దానితోనే మొదలవుతుంది. ఉప్పు చాలినంత ఉంటే రెనిన్ తగ్గుతుంది, గ్రంథి ఊరుకుంటుంది. కొందరిలో ఆ గ్రంథి ఊరుకోదు. ఎవరూ అడగకుండానే ఆల్డోస్టెరోన్‌ను పోస్తూనే ఉంటుంది. అలాంటి మనిషి ఉప్పు తగ్గించడం మంచిదే, కానీ దానితోనే బీపీ దారికొస్తుందనుకోవడం అన్యాయం.

ఈ జబ్బును మొదట పట్టుకున్నది అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జెరోమ్ కాన్. 1954లో ఆయన దగ్గరికి 34 ఏళ్ళ స్త్రీ వచ్చింది. బీపీ ఎక్కువ, ఏడేళ్ళుగా కండరాల నీరసం, ఉండుండి కాళ్ళు చచ్చుబడటం. ఆ ఏడాది డిసెంబరులో ఒకవైపు అడ్రినల్‌లోని గడ్డ తీసేశాక ఆమె బీపీ, పొటాషియం మామూలు స్థితికి వచ్చాయి. బీపీ రోగుల్లో చాలామందికి ఇదే కారణం కావచ్చని కాన్ తర్వాతి కాలంలో అంటే వైద్యలోకం నమ్మలేదు. పొటాషియం బాగా పడిపోతే తప్ప ఈ జబ్బుకు పరీక్ష అక్కర్లేదన్న ధోరణిలో దశాబ్దాలు గడిచిపోయాయి. నిజానికి ఈ జబ్బున్న వాళ్ళలో ఎక్కువమందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది! ఆ ఒక్క అపోహ ఎంతమందిని పక్షవాతం దాకా నడిపించిందో తలుచుకుంటే బాధ కలుగుతుంది. మూడు మందులకూ లొంగని బీపీ ఉన్నవాళ్ళలో ఐదుగురిలో ఒకరి దాకా ఇది ఉండవచ్చని ఇప్పటి అంచనా. బీపీ ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష చేయించమని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది.

పరీక్ష కష్టమైనది కాదు. రక్తంలో రెనిన్, ఆల్డోస్టెరోన్ ఎంతెంత ఉన్నాయో చూస్తారు. మొదటిది అణగిపోయి రెండోది ఎక్కువగా ఉంటే అనుమానించాలి. లోపం ఒకవైపే అయితే ఆపరేషన్, రెండువైపులా అయితే స్పైరోనోలాక్టోన్ అనే పాత మందు. మేనత్త కొడుక్కి ఇప్పుడు 34. వాడికీ బీపీ మొదలైంది. పట్టుబట్టి పోయిన వారం వాడి రక్తం ఇప్పించాను.

బీపీని పెంచే హార్మోన్లు ఇంకా ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువైతే పై అంకె, తక్కువైతే కింది అంకె పెరగవచ్చు. ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు, గుండెదడ కలిసి వచ్చిపోతుంటే అడ్రినలిన్ లాంటి హార్మోన్లను వదిలే గడ్డ ఉందేమో చూడాలి. కీళ్ళనొప్పులకని డాక్టరు చీటీ లేకుండా నెలల తరబడి మింగే స్టెరాయిడ్ బిళ్లలూ బీపీని పెంచుతాయి. గొంతు కోసం రోజూ అతిమధురం నమిలేవాళ్ళూ జాగ్రత్తపడాలి. అందులోని పదార్థం ఒంట్లోని కార్టిసాల్‌ను ఆల్డోస్టెరోన్‌లా పనిచేయిస్తుంది.

ఇక పిల్లలు. వీళ్ళ గురించే నా బెంగంతా. పసివాళ్ళకు బీపీ ఏమిటని నవ్వేస్తాం. చిన్నపిల్లల్లో బీపీ బాగా ఎక్కువగా ఉంటే వెనక మరో జబ్బు ఉండే అవకాశం పెద్దవాళ్ళలో కంటే ఎక్కువ. తరచుగా అది కిడ్నీదే. కిడ్నీకి వెళ్ళే రక్తనాళం సన్నబడితే, ఒళ్ళంతా రక్తం తక్కువైందని కిడ్నీ పొరబడి రెనిన్‌ను కుమ్మరిస్తుంది. మన దేశపు పిల్లల్లో ఆ నాళాన్ని ఇరుకు చేసే జబ్బుల్లో టకయాసు ముఖ్యమైనది. అడ్రినల్‌లో ఒక ఎంజైము పుట్టుకతోనే లోపిస్తే మగపిల్లాడికి ఐదారేళ్ళకే యవ్వన లక్షణాలు వస్తాయి, బీపీ కూడా పెరుగుతుంది. అదే గ్రంథిలో ఇంకో ఎంజైము లోపిస్తే అంతా తలకిందులు. ఉప్పు నిలవక, పుట్టిన రెండో వారంలోనే బిడ్డ వాంతులతో వాడిపోయి బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. కాస్త పెద్దపిల్లల్లో ఊబకాయం, దానితో పెరిగే ఇన్సులిన్ తోడవుతాయి.

పిల్లలకు 120/80 కొలబద్ద కాదు. వయసు, ఎత్తు, ఆడా మగా చూసి పట్టికతో పోల్చాలి. మూడేళ్ళు నిండాక ఏడాదికోసారి బీపీ చూడమన్నది అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో చెప్పిన మాట. మీ బిడ్డ జ్వరానికో దగ్గుకో డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజునే అడగండి. పెద్దవాళ్ళ పట్టీ చిన్న చేతికి చుడితే అంకె తక్కువ చూపిస్తుంది, ఉన్న బీపీ దాగిపోతుంది. అక్కడ చిన్న పట్టీ లేదంటే, ఉన్నచోటికి తీసుకెళ్ళండి.