కొండ ఎక్కాలంటే పండగే రావాలా?

పోయిన సెమిస్టర్‌లో నేను పుస్తకాలు చదివిన దానికంటే నార్వే రీల్స్ చూసిందే ఎక్కువ. ఫ్యోర్డులు, మంచు కొండలు, రాత్రిపూట ఆకుపచ్చగా మెరిసే ఆకాశం. లొఫోటెన్ దీవుల ఫోటో చూపిస్తే టక్కున గుర్తుపడతా. కానీ మాది పద్మనాభం. మా డాబా మీంచి కనిపించే కొండని నేను ఎక్కింది మొత్తం నాలుగుసార్లు. నాలుగూ పండగలకే!

ఈమధ్య రీల్స్ పక్కనపెట్టి అక్కడి జనం ఎలా బతుకుతారో కాస్త చదివాను. వాళ్ళకి ‘ఫ్రీలుఫ్ట్స్‌లీవ్’ అని ఒక మాట ఉంది. ఆరుబయట గాలిలో గడిపే జీవితం అని అర్థం. దానికి పెద్ద ట్రెక్కింగే చెయ్యక్కర్లేదు, సాయంత్రం అడవిలో ఓ గంట నడిచినా చాలు. ట్రోమ్సో అనే ఊళ్ళో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే ఉదయించడు. అయినా లైట్లు పెట్టిన దారుల్లో స్కీయింగ్ చేస్తారు. చెడ్డ వాతావరణం అనేది లేదు, చెడ్డ బట్టలే ఉంటాయి అని వాళ్ళ సామెత.

దీనికి 1957లో ఒక చట్టం కూడా చేశారు. సాగులో లేని భూమి ఎవరిదైనా సరే, అందులో ఎవరైనా నడవొచ్చు. టెంట్ వేస్తే మాత్రం ఇళ్ళకి 150 మీటర్ల దూరంలో వెయ్యాలి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవుల దగ్గర మంట పెట్టకూడదు. చెత్త వదలకూడదు. అంటే హక్కు, బాధ్యత రెండూ కలిపే ఇచ్చారన్నమాట.

ఇదంతా చెప్తే మా ఫ్రెండ్ నవ్వింది. "వాళ్ళు దేశం మొత్తం కలిపి 55 లక్షల మందే. ఇక్కడ మే నెల ఎండలో ఎక్కు చూద్దాం" అంది. నిజమే, కాపీ కొట్టేస్తే కుదరదు. మనకి చెడ్డ బట్టలతో కాదు, చెడ్డ టైమ్‌తోనే ఇబ్బంది. తెల్లవారి ఐదున్నరకి ఏ ఎండా ఉండదు.

మనమూ బయటికి వెళ్తాం కదా అంటారు. వెళ్తాం, చలికాలంలో లంబసింగికి, వంజంగికి. మేఘాలతో సెల్ఫీ దిగుతాం, ప్లేట్లూ బాటిళ్ళూ అక్కడే పడేసి వస్తాం. నేనూ ఆ బ్యాచ్‌లోదాన్నే. మేం వదిలొచ్చిన బిర్యానీ డబ్బాలు నాకింకా గుర్తున్నాయి.

కానీ నాకు అసలు అడ్డు ఎండా కాదు, చెత్తా కాదు. రేపు పొద్దున్న కొండెక్కుతానని చెప్తే అమ్మ, "ఒక్కదానివేనా? రోజూ ఎక్కడానికి అక్కడ ఏటుందే?" అంది. పదిహేనేళ్ళ మా తమ్ముడు క్రికెట్ బ్యాట్ పట్టుకుని ఎటు పోయినా ఆ ప్రశ్న రాదు. నార్వే చట్టం ‘ఎవరైనా’ అంటుంది. మన ఇళ్ళలో ఆ ‘ఎవరైనా’ అనే మాటలో ఆడపిల్లలు ఉన్నారా? అమ్మది భయం, అది ఊరికే రాలేదు. ఖాళీగా ఉండే దారి అంటే భయం. అందరం నడిస్తే ఆ దారి ఖాళీగా ఉండదు కదా!

అందుకే అమ్మనే తీసుకెళ్ళాను. వెయ్యికి పైనే మెట్లు, నాలుగుచోట్ల కూర్చున్నాం. ఇరవై రెండేళ్ళుగా ఈ కొండ కిందే కాపురం చేస్తున్న మా అమ్మ, పండగ జనం లేకుండా పైకి రావడం అదే మొదటిసారి. 1794 జులై 10న ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయింది ఇక్కడేనని నేను చెప్తుంటే, అమ్మ కింద పొలాల్లో మా ఇల్లు వెతుక్కుంటోంది. దొరికాక, "ఇంత చిన్నదేటే!" అని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

నార్వే ఎప్పుడు వెళ్తానో తెలీదు. వచ్చే ఆదివారం ఐదున్నరకి మాత్రం మెట్ల దగ్గర ఉంటాం, అమ్మా నేనూ. అమ్మాయిలూ, రండి. మీ అమ్మల్నీ తీసుకురండి. అబ్బాయిలు కూడా రావొచ్చు, చెత్త ఏరడానికి ఒక ఖాళీ సంచి తెచ్చుకుంటే.