హెల్పరు కుర్రవాడికి కూడా ఒక గ్లాసు ఇవ్వండి

అర్ధరాత్రి దాటాక క్యాజువాలిటీకి వచ్చేవారిలో, రెండు కళ్ళకూ తడిగుడ్డ కట్టుకొని, ఎవరో చెయ్యి పట్టుకొని నడిపిస్తుంటే వచ్చే కుర్రవాళ్ళు ఉంటారు. వెంట వచ్చిన తల్లి చెప్పే మాట ఇంచుమించు ఒకటే. "సాయంత్రం బాగానే ఉన్నాడండీ. అన్నం తిని పడుకున్నాడు. ఇప్పుడు లేచి కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఏడుస్తున్నాడు. చూపు పోదు కదండీ?" ఏం పని చేస్తున్నాడని అడిగితే, "వెల్డింగు షాపులో చేరి నాలుగు రోజులైంది. కాని వాడు వెల్డింగు చెయ్యలేదండీ, ఊరికే పట్టుకున్నాడంతే" అంటుంది.

ఆ "ఊరికే పట్టుకున్నాడంతే" అన్న మాట గురించే ఈసారి రాయాలనిపించింది.

ముందుగా తల్లులకు ధైర్యం చెప్పాలి. ఇలాంటి కళ్ళు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో బాగవుతాయి, చూపు పోదు. రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య సందులో కరెంటు దూకినప్పుడు పుట్టే మంటను ఆర్క్ అంటారు. అందులో మనకు కనబడే వెలుగుతో పాటు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. ఎండకు చర్మం కమిలినట్టే, ఈ కిరణాలకు నల్లగుడ్డు మీది పలుచని పొర కమిలిపోతుంది. కాకపోతే నొప్పి అప్పుడే తెలియదు. సాధారణంగా 6 నుండి 12 గంటల తరువాత మొదలవుతుంది. అందుకే మధ్యాహ్నం చేసిన పనికి నడిరాత్రి ఏడవవలసి వస్తుంది. చాలామందికి ఆ రెంటికీ సంబంధం ఉందని కూడా తోచదు.

ఇక నా అభిప్రాయం. మన షాపుల్లో పని నేర్పే వరుస తలకిందులుగా ఉంది. హోల్డరు పట్టే మేస్త్రీ చేతిలో గ్లాసు ఉంటుంది. ఎదురుగా కూర్చొని పైపు కదలకుండా పట్టుకొనే కుర్రవాడికి ఏమీ ఉండదు. వాడికిచ్చే రక్షణ "అటు చూడు" అన్న ఒక్క మాట. కాని తాను పట్టుకున్న ముక్క వంకర పోతుందేమోనని వాడు చూడకుండా ఉండలేడు. చూడకపోతే మేస్త్రీయే తిడతాడు.

అన్నిటికంటే చెడ్డది టాకింగు. గేటు కమ్ములను ముందు చుక్క చుక్కగా అతికించి, కొలత సరిచూసుకొని, తరువాత పూర్తిగా వెల్డింగు చేస్తారు. ఒక్క చుక్కే కదా అని మేస్త్రీ గ్లాసు తీసుకోడు, కళ్ళు మూసుకొని వేసేస్తాడు. ఎప్పుడు మూయాలో అతనికి తెలుసు, ఎందుకంటే రాడ్డు అతని చేతిలో ఉంది. మూరెడు దూరంలో ఉన్న కుర్రవాడికి అది తెలిసే దారి లేదు. ఒక గేటుకు అలాంటి చుక్కలు ఎన్ని పడతాయో లెక్క వేసుకోండి. ఒక్కొక్క మెరుపూ చిన్నదే అయినా ఆ రోజు మెరుపులన్నీ ఆ కళ్ళలోనే కలుస్తాయి.

"మేమూ అలాగే నేర్చుకున్నాం, ఒకటి రెండుసార్లు కొడితే కళ్ళు గట్టిపడతాయి" అనే మేస్త్రీలు ఉన్నారు. వారి పనితనం మీద నాకు గౌరవమే, కాని ఈ మాట మాత్రం నిజం కాదు. కాళ్ళకు కాయ కాసినట్టు కంటికి కాయదు. ప్రతి దెబ్బా కొత్త దెబ్బే. ఏళ్ళ తరబడి ఈ కిరణాలు పడుతుంటే కంటికీ, ముఖం, మెడ చర్మానికీ దీర్ఘకాలంలో కూడా హాని ఉంటుంది.

నేర్చుకొనేవారి ఫిర్యాదు మరొకటి: "గ్లాసు పెట్టుకుంటే ఏమీ కనబడదండీ." ఇది నిజమే, దీనికి జవాబు చెప్పవలసిందే. ఆర్క్ వెలిగేదాకా నల్ల గ్లాసులో చీకటే. అందుకని కొత్తవాడు గ్లాసు దించి, రాడ్డు ఆనించి, మెరుపు వచ్చాక గ్లాసు ఎత్తుతాడు. ప్రతిసారీ మొదటి మెరుపు కళ్ళలో పడుతుంది. పని తెలిసినవాడికంటే తెలియనివాడికి ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. కాబట్టి మొదటిరోజు కరెంటే వద్దు. సెట్టు ఆపేసి, హోల్డరులో రాడ్డు పెట్టి, కొనను అతుకు దగ్గరకు తెచ్చి, గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకొని, అప్పుడు గీకడం నేర్పాలి. ఇది యాభైసార్లు చేస్తే చెయ్యి దానంతటదే చోటు గుర్తుపడుతుంది. గ్లాసు మీద చిట్లిన రవ్వలతో మసకబారిన పై తెల్ల అద్దం మార్చకపోవడం కూడా కనబడకపోవడానికి ఒక కారణం. అది చవకైనదే, మార్చండి. 60 నుండి 160 ఆంపియర్ల పనికి 10వ నంబరు గ్లాసు సరిపోతుంది. నల్ల కూలింగ్ అద్దాలు ఈ పనికి చాలవు. ఆర్క్ వెలగగానే దానంతటదే నల్లబడే హెల్మెట్లు వచ్చాయి. కొనగలిగిన షాపులు కొంటే కొత్తవారికి ఈ బాధే ఉండదు.

కరెంటు ఇచ్చాక తుక్కులోని మందపాటి బద్ద ముక్క మీద నేర్పాలి, ఇంకొకరి కిటికీ మీద కాదు. తుప్పు, రంగు గీకి శుభ్రం చేయాలి. 3.15 మిల్లీమీటర్ల సాధారణ రాడ్డుకు 100 ఆంపియర్లకు కాస్త అటు ఇటుగా పెట్టి, అగ్గిపుల్ల గీసినట్టు గీకి కొద్దిగా ఎత్తాలి. సందు రాడ్డు మందమంతే ఉండాలి. రాడ్డును పోయే దిక్కుకు కొంచెం వాల్చి నిదానంగా నడపాలి. సందు పెరిగితే రవ్వలు ఎగిరిపడతాయి, అతుకు బలంగా ఉండదు. సరిగా ఉంటే పెనం మీద వేగుతున్నట్టు ఆగకుండా ఒకే చప్పుడు వస్తుంది. మెరుపును కాదు, దాని వెనుక కరిగిన ఇనుము మడుగును చూడటం అలవాటు కావాలి.

కొత్తవాడికి రాడ్డు అతుక్కుపోతుంది. అది తప్పు కాదు, అందరికీ జరుగుతుంది. కాని కంగారులో గ్లాసు పక్కన పడేసి రెండు చేతులా పీకుతాడు. అది ఊడిన క్షణంలో ఆర్క్ తిరిగి వెలిగి కళ్ళకు కొడుతుంది. గ్లాసు అలాగే ఉంచి మణికట్టుతో పక్కకు తిప్పి లాగాలి. రాకపోతే సెట్టు ఆపించాలి. ఈ ఒక్క సంగతి మొదటిరోజే చెబితే ఎన్నో రాత్రులు హాయిగా నిద్రపోవచ్చు.

స్లాగ్ చల్లారాక సుత్తితో కొట్టేటప్పుడు, గ్రైండింగు చేసేటప్పుడు తెల్ల కళ్ళద్దాలు కావాలి. ఇనుప రజను కంటిలో గుచ్చుకొని వచ్చేవారు నల్ల గ్లాసు ఉన్నవారే, దాన్ని ఎత్తి పని చేసినవారు!

కరెంటు విషయంలో "హోల్డరులో వోల్టేజీ తక్కువే" అన్న ధీమా ప్రాణం తీయగలదు. పని ఆగి ఉన్నప్పుడు హోల్డరు దగ్గర సుమారు 50 నుండి 80 వోల్టులు ఉంటాయి. పొడి చేతికి అది చురుక్కుమని వదిలిపెట్టవచ్చు. చెమటతో తడిసిన చొక్కాతో ఇనుప కమ్ముల మధ్య ఇరుక్కొని కూర్చున్నవాడి సంగతి వేరు. రాడ్డు మార్చేటప్పుడు హోల్డరును చంకలో పెట్టుకొనే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానండి. తోలు చేతి తొడుగులు పొడిగా ఉండాలి. లుంగీ, హవాయి చెప్పులు, పాలిస్టర్ చొక్కా ఈ పనికి పనికిరావు. నూలు బట్టలు, కాలంతా కప్పే బూట్లు కావాలి. ఇంకొక మాట: పని ముక్కకు తగిలించే క్లాంపును అందరూ ఎర్త్ అనే పిలుస్తారు గాని, సెట్టు బాడీకి ఉండవలసిన ఎర్త్ అది కాదు. అది వేరేగా ఉండాలి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, ఆపకుండా మనిషిని ముట్టుకోకండి.

పొగ గురించి కొంచెం. జి.ఐ. పైపు మీది జింకు పూత కాలిన పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. మలేరియా అనుకొని మందులు మింగేస్తారు. డాక్టరుకు పని సంగతి చెప్పాలి. బెల్లం, పాలు ఊపిరితిత్తులను కడగవు. వెల్డింగు పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. ఆరుబయట, పొగ ముఖం మీదకు రాకుండా పక్కగా కూర్చొని చేయాలి. పెట్రోలు, డీజిలు, నూనె నిలవ చేసిన డ్రమ్ము ఖాళీదే అయినా కొత్తవారు దాని మీద రాడ్డు ఆనించనే కూడదు, పేలుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. 14 ఏళ్ళలోపు పిల్లలను కూలిపనికి పెట్టడం 2016 చట్ట సవరణ ప్రకారం నేరం. పై వయసు కుర్రవాడికి ఈ పని మీద ఇష్టముంటే, ఎనిమిదో తరగతి పాసైనవారికి ఐ.టి.ఐ.లో వెల్డరు ట్రేడు ఉంది, ఒక్క సంవత్సరమే. షాపులోనే చేర్చదలిస్తే జీతమెంత అని అడిగే ముందు గ్లాసు ఇస్తారా అని అడగండి. ఇవ్వనంటే మీరే కొని చేతికిచ్చి పంపండి. చర్చి గేటో, ఇంటి గ్రిల్లో మన వాకిట్లోనే చేయిస్తుంటే చుట్టూ టార్పాలిను కట్టించండి. చూస్తూ నిలబడే పసిపిల్లలకు కూడా ఇదే దెబ్బ తగులుతుంది.

అయినా రాత్రి నొప్పి మొదలైతే కళ్ళు నలపవద్దు. శుభ్రమైన చల్లని తడిగుడ్డ వేసి, దీపం ఆపి పడుకోబెట్టండి. పారాసిటమాల్ మాత్ర ఇవ్వవచ్చు. చనుబాలు, ఆముదం, ఉల్లిరసం పోయవద్దు. పొర లేచిన కంటిలోకి క్రిములు చేరితే మామూలు దెబ్బ కాస్తా పుండవుతుంది. మందుల షాపులో మొద్దుబారే చుక్కలు అడిగి తెచ్చుకోవద్దు. వేసిన వెంటనే నొప్పి పోతుంది గాని మానవలసిన పొర మానదు, పదేపదే వేస్తే చూపుకే ముప్పు. ఉదయం కంటి ఓ.పి.కి తీసుకురండి. ఒక్క కంటికే నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, సుత్తి పనిలో ఏదైనా తగిలిందనుకున్నా ఉదయందాకా ఆగక వెంటనే రండి. వచ్చేటప్పుడు షాపులో వాడే గ్లాసు కూడా తెచ్చుకుంటే మంచిది. నంబరు చూసి, సరిపోతుందో లేదో చెబుతాము.