ఆఖరి పంక్తి ప్రయాణీకులు



పెళ్ళి భోజనాలలో వడ్డన చేసేవాళ్ళను మీరు చూసే ఉంటారు. పులిహోర గిన్నెలు పట్టుకుని పంక్తులన్నీ తిరుగుతారు, అందరికీ కొసరి కొసరి వడ్డిస్తారు. తాము మాత్రం ఆఖరి పంక్తిలో కూర్చుంటారు. అప్పటికి బూరెలు మిగిలితే వాళ్ళ అదృష్టం, లేకపోతే లేదు. విమాన కంపెనీలలో పనిచేసేవాళ్ళ ప్రయాణం కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది!

అమెరికాలో విమాన కంపెనీల ఉద్యోగులకు ఒక సదుపాయం ఉంది. పైలట్లు కానివ్వండి, సామాను ఎత్తేవాళ్ళు కానివ్వండి, వాళ్ళూ వాళ్ళ భార్యాబిడ్డలూ తలిదండ్రులూ కంపెనీ విమానాలలో డబ్బు లేకుండానో, చాలా తక్కువ రుసుముతోనో తిరగవచ్చు. “ఆహా, ఎంత బాగుంది!” అంటారా? కాస్త ఆగండి. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాళ్ళందరూ ఎక్కిన తరవాత కుర్చీ మిగిలితేనే వాళ్ళకు చోటు. దీనిని స్టాండ్‌బై ప్రయాణం అంటారు.

బస్సులోనయితే కుర్చీ లేకపోయినా కడ్డీ పట్టుకుని నిలబడి పోవచ్చు. విమానంలో అది కుదరదు. రెండేళ్ళు నిండిన ప్రతివారికీ ఒక కుర్చీ, ఒక బెల్టు ఉండి తీరాలి. అంచేత స్టాండ్‌బై మనిషి నిలబడేది విమానంలో కాదు, గేటు దగ్గర. అక్కడ తెర మీద పేర్ల పట్టీ కనిపిస్తూ ఉంటుంది. చాలా కంపెనీలలో ఉద్యోగంలో ముందు చేరినవాళ్ళ పేరు పైన, నిన్నగాక మొన్న చేరినవాళ్ళ పేరు అడుగున ఉంటుంది. తలుపు మూసే వేళకు రెండు కుర్చీలు మిగిలాయనుకోండి. తల్లీ తండ్రీ పిల్లవాడూ ముగ్గురు వచ్చారు. ఎవరు వెళ్ళాలి? ఇద్దరు వెళ్ళి ఒకరు ఆగాలి, లేదా ముగ్గురూ తరవాతి విమానం కోసం కూర్చోవాలి. అదీ నిండితే ఆ పైది. పండగ రోజులలో ఇలా పొద్దుటినించి రాత్రిదాకా గడిచిపోవచ్చు.

పైలట్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఒక ఊళ్ళో కాపురం, మరో ఊళ్ళో ఉద్యోగం ఉన్న పైలట్లు అక్కడ చాలామంది. విమానం నడిపే గదిలో వెనకవైపు ఒక మడత కుర్చీ ఉంటుంది. ఆ విమానం కెప్టెన్ సరేనంటే, వచ్చిన పైలట్ అందులో కూర్చుని పోవచ్చు.

ఒక్కొక్కసారి కళ్ళ ఎదుట కుర్చీలు ఖాళీగా ఉన్నా స్టాండ్‌బైవాళ్ళను ఎక్కనివ్వరు. ఇదేం చోద్యం? వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచటి గాలి రెక్కలను అంత గట్టిగా పైకి లేపలేదు, ఇంజనుకూ బలం తగ్గుతుంది. అంచేత మండుటెండలో విమానం మోసే బరువు తగ్గించాలి. 2017 జూన్‌లో ఫీనిక్స్ నగరంలో ఎండ 48 డిగ్రీలకు చేరితే కొన్ని చిన్న విమానాల ప్రయాణాలు రద్దే చేశారు.

సరే, అసలు కుర్చీలు ఎందుకు మిగులుతాయి? మీ హాజరుపట్టీ చూడండి. తరగతిలో 40 మంది ఉంటే రోజూ ఇద్దరో ముగ్గురో రారు. రేపు రానివాడు ఎవడో చెప్పలేం, కాని ఎంతమంది రారో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. విమానాలవాళ్ళూ ఇదే లెక్క వేస్తారు. 180 కుర్చీలున్న విమానానికి 186 టిక్కెట్లు అమ్మారనుకుందాం. ఎనిమిదిమంది రాకపోతే 178 మంది ఎక్కుతారు. రెండు కుర్చీలు మిగిలి ఇద్దరు ఉద్యోగులకు దొరుకుతాయి. కాని ఆ రోజు ముగ్గురే రాలేదనుకోండి. 183 మంది వచ్చేశారు! ఇక ఉద్యోగుల మాట దేవుడెరుగు, డబ్బిచ్చిన ముగ్గురే బయట నిలబడ్డారు. రాని మనిషి మీదే కంపెనీ ఆశా, ఉద్యోగి ఆశా. చిత్రంగా లేదూ?

ఆ ముగ్గురూ ఎవరన్నది పూర్వం కంపెనీలే తేల్చేవి. 1972 ఏప్రిల్ 28న రాల్ఫ్ నాడర్ అనే పేరుపొందిన న్యాయవాది వాషింగ్టన్ నుంచి హార్ట్‌ఫర్డ్ వెళ్ళటానికి టిక్కెట్టుతో వస్తే, అలిగేనీ కంపెనీవారు చోటు లేదన్నారు. ఆయన ఊరుకోలేదు, దావా వేశాడు. ఆ దావా నడవవచ్చునని 1976లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

దీనికి విరుగుడు అంతకు ముందే, 1968లో, జూలియన్ సైమన్ అనే ఆర్థికశాస్త్రవేత్త చెప్పాడు. వచ్చినవాళ్ళందరికీ ఒకే తొందర ఉండదు. ఒకరికి రేపు పరీక్ష, మరొకరు ఊరికే చుట్టపుచూపుగా పోతున్నారు. “ఎంత ఇస్తే మీరు తరవాతి విమానంలో వస్తారు?” అని అందరినీ అడగండి, తక్కువ అడిగినవాళ్ళకు సొమ్మిచ్చి ఆపండి అన్నాడాయన. కంపెనీలు లక్ష్యపెట్టలేదు. చివరికి 1978లో, తమంతట తాము ఆగేవాళ్ళు ఉన్నారేమో ముందు అడగాలని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. ఇంత తేలిక ఉపాయానికి పదేళ్ళు పట్టింది చూశారా! మన దేశంలో కూడా ముందు అలా అడగాలనే నిబంధన ఉంది.

అయినా 2017 ఏప్రిల్ 9న చికాగోలో పెద్ద రభస జరిగింది. లూయీవిల్ పోయే విమానంలో అందరూ ఎక్కి కూర్చున్నారు. అప్పుడు నలుగురు విమాన సిబ్బంది వచ్చారు. వాళ్ళకు చోటు కావాలి. ఎవరైనా దిగితే 800 డాలర్ల విలువగల వోచరు ఇస్తామన్నారు. ఎవరూ దిగలేదు. కంపెనీ నలుగురిని ఎంపిక చేసింది. ముగ్గురు దిగారు. నాలుగో ఆయన ఒక డాక్టరు, మర్నాడు రోగులను చూడాలి, దిగనన్నాడు. భద్రతాధికారులు ఆయనను ఈడ్చుకుపోయారు. ముఖానికి దెబ్బలు తగిలాయి.

ఆ నలుగురు సిబ్బంది ఉచితంగా షికారు పోయే స్టాండ్‌బైవాళ్ళని చాలామంది తిట్టారు. అది తప్పు. వాళ్ళు పనిమీద పోతున్నారు. వాళ్ళు చేరకపోతే మర్నాడు అక్కడ ఇంకో విమానం కదలదు. సెలవులో పోయే ఉద్యోగి కోసం టిక్కెట్టు కొన్న మనిషిని దింపరు. కాని కంపెనీ చేసినది మాత్రం బొత్తిగా బాగాలేదు. ఇంకాస్త పాట పెంచితే ఎవరో ఒకరు సంతోషంగా దిగేవారే! ఆ నెలలోనే ఆ యునైటెడ్ కంపెనీ 10,000 డాలర్ల దాకా ఇస్తామన్నది. పనిమీద పోయే సిబ్బంది కనీసం గంట ముందు చోటు ఖాయం చేసుకోవాలన్నది. ఎక్కిన ప్రయాణీకుడిని చోటు లేదని దింపకూడదని 2018లో అమెరికాలో చట్టమే వచ్చింది.

ఈ లెక్క మీరూ చేసి చూడవచ్చు. నెలరోజులపాటు మీ తరగతికి రోజూ ఎంతమంది రాలేదో ఒక కాగితం మీద వ్రాయండి. తరవాత మీ తరగతిలో ఉన్నవాళ్ళకంటె రెండు చోట్లు తక్కువ ఉన్నట్టు ఊహించుకోండి. ఎన్ని రోజులు ఎవరో ఒకరు నిలబడవలసి వచ్చేదో లెక్క తేల్చండి. మూడు చోట్లు తక్కువయితే ఎన్ని రోజులు? నిలబడేది ఎవరో నిర్ణయించటానికి మీరయితే ఏ పద్ధతి పెడతారు? అదికూడా ఆ కాగితం మీదే వ్రాసి, ఇంట్లో అమ్మకూ నాన్నకూ చూపించండి.