ఎండ మాట, హాస్టల్ మాట

విశ్వవిద్యాలయంలో చేరబోయే విద్యార్థికి కావలసిన సంగతుల్లో కాగితం మీద దొరకనివి రెండు ఉంటాయి. ఒకటి అక్కడి ఎండావానలు, రెండోది అక్కడి మనుషుల పొత్తు. కోర్సు, ఫీజు, సీట్ల లెక్క ప్రకటనలోనే ఉంటాయి. ఈ రెండింటి కోసం మాత్రం సీనియర్లను అడగాల్సిందే. అడిగితే పక్కపక్క గదుల్లో ఉన్నవాళ్లే చెరో మాట చెబుతారు. రాయలసీమలోని గాండ్లపెంట, కదిరి పిల్లలకు ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, కడపలో యోగి వేమన. ఆ వేమన సమాధి ఉన్న కటారుపల్లి గాండ్లపెంట మండలంలోనిదే. ఇన్ని ఉన్నచోట ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలియకపోతే, గట్టిగా మాట్లాడినవాడి మాటే నెగ్గుతుంది.

వాతావరణం మాటను సరిచూసుకోవడానికి కొలత ఉంది. అనంతపురంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలకు అడ్డు నిలుస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలం కోల్పోతాయి. అందుకే వాన తక్కువ, అందులోనూ ఎక్కువ వాన కోసం సెప్టెంబరు, అక్టోబరు దాకా ఎదురుచూడాలి. ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలకు చేరుతుంది. అయితే ఊరు సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉంది, గాలి పొడిగా ఉంటుంది. కొండల నడుమ, అందులో సగం ఎత్తు కూడా లేని కడపలో ఆ వెసులుబాటు తక్కువ. విశాఖలో అంత ఎండ లేకపోయినా ఉక్కపోత ప్రాణం తీస్తుంది. అనంతపురం ఎండ భరించలేనిదని విశాఖ విద్యార్థి అన్నా, ఇక్కడే హాయిగా ఉందని కడప విద్యార్థి అన్నా ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరి ఊరితో వారు పోల్చుకుంటున్నారు, అంతే. కాబట్టి ముందు తెలుసుకోవాల్సింది చెప్పేవాళ్ల సొంత ఊరు. గాండ్లపెంట ఎండలో పెరిగిన పిల్లకు అనంతపురం ఎండ కొత్త కాదు.

చెప్పేవాళ్లు అక్కడ ఏ యేడు ఉన్నారన్నదీ చూడాలి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. అంతకు ముందు ఏడాది నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రెండేళ్ల పీజీలో అలాంటి ఒక్క వాన చూసిన విద్యార్థికి ఆ ఊరు వరద ఊరుగానే గుర్తుండిపోతుంది. వాతావరణ శాఖ సాధారణ స్థాయిని లెక్కకట్టడానికి దశాబ్దాల లెక్కలు తీసుకునేది ఇందుకే. పైగా హాస్టళ్లు ఖాళీ అయ్యే నెలల ఎండను సీనియర్లు అక్కడ అనుభవించనే అనుభవించరు. డిసెంబరులో అడిగితే చల్లగా ఉందంటారు, ఏప్రిల్‌లో అడిగితే కాలిపోతున్నామంటారు.

ఇంతకీ వాతావరణం విద్యార్థి సంతోషాన్ని ఎంతవరకు నిర్ణయిస్తుంది? దీనిపై పరిశోధకులు డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలో చలి ఎక్కువగా ఉండే మిషిగన్, ఒహాయో రాష్ట్రాల్లోనూ, వెచ్చని కాలిఫోర్నియాలోనూ దాదాపు 2,000 మంది విద్యార్థులను వాళ్లు ప్రశ్నించారు. తమ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారని అడిగితే రెండు చోట్లా తేడా కనిపించలేదు. తమలాంటి విద్యార్థి రెండో చోట ఎలా ఉంటాడని అడిగితే మాత్రం ఇరువైపుల వాళ్లూ కాలిఫోర్నియాలోనే ఎక్కువ సుఖమన్నారు. ఎంచుకునేటప్పుడు కళ్ల ముందు నిలిచేది వాతావరణం. బతికేటప్పుడు అది వెనక్కిపోయి చదువు, స్నేహాలు, డబ్బు ముందుకొస్తాయి.

ఈ ఫలితాన్ని రాయలసీమకు ఉన్నదున్నట్టుగా అన్వయించకూడదు. ఇక్కడ ఎండ ఆకాశంలోనే ఆగదు, హాస్టల్ కొళాయి దాకా వస్తుంది. బోర్లు అడుగంటితే స్నానానికి క్యూ కట్టాలి. పైఅంతస్తు గదిలో కప్పు వేడెక్కితే రాత్రి నిద్ర ఉండదు, పరీక్షలు సరిగ్గా ఆ కాలంలోనే వస్తాయి. అందుకే ‘ఎండ ఎలా ఉంటుంది’ అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. మార్చిలో నీళ్లు రోజుకు ఎన్నిసార్లు వదులుతారు, కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుంది, గదిలో ఎంతమంది ఉంటారు అని అడగాలి. వీటికి చెప్పే జవాబులో అతిశయోక్తికి చోటు తక్కువ.

మనుషుల పొత్తుకు ఇలాంటి కొలత లేదు. విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేసే న్యాక్ విద్యార్థుల తృప్తిని సర్వే చేస్తుంది కానీ, అందులో ప్రశ్నలు ప్రధానంగా బోధన చుట్టూనే తిరుగుతాయి. సాయంత్రం ఎవరితో కలిసి భోజనానికి వెళతారో దానికి అక్కర్లేదు. కాబట్టి ఇక్కడ అనేకమందిని అడగడం తప్ప దారి లేదు. అడిగినా విశేషణాలకు విలువ తక్కువ. పుట్టపర్తి సంస్థనే తీసుకుంటే అక్కడ ఆశ్రమ జీవితం, కచ్చితమైన దినచర్య, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు ప్రాంగణాలు. ఒకరికి అది మనసు కుదుటపడే చోటు, మరొకరికి ఊపిరాడని చోటు. నియమం ఒకటే, స్వభావాలు వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ఇతర రాష్ట్రాల పిల్లలూ వస్తారు. తెలుగు రాని విద్యార్థి అక్కడ ఒంటరితనం గురించి చెబితే అది అనంతపురం పిల్లకు వర్తించదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకు, హిందీ, ఇంగ్లీషు మాట్లాడే గుంపులో నోరు పెగలక వచ్చే ఒంటరితనం వేరే ఉంటుంది. దాన్ని అలాంటి పిల్లనే అడగాలి.

చెప్పేవాళ్లు హాస్టల్లో ఉన్నారా, ఇంటి నుంచి వచ్చిపోయారా అన్నదీ చూడాలి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం అనంతపురం ఊరికి దూరంగా, కదిరి వైపు రోడ్డు మీద ఉంది. రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లు చూసే విశ్వవిద్యాలయం సాయంత్రంతో ముగుస్తుంది. హాస్టల్లో ఉండేవాళ్లకు అసలు జీవితం మొదలయ్యేది అప్పుడే. గేటు మూసే వేళ మగపిల్లలకు ఒకటి, ఆడపిల్లలకు మరొకటి అయితే లైబ్రరీ, స్నేహాలు, నాటకాలు, సభలు అన్నీ ఇద్దరికీ సమానంగా దక్కవు. ఆడపిల్లను పంపే ఇంట్లో అన్న చెప్పిన కబుర్లు చాలవు. అక్కడ చదివిన అక్క ఎవరో వెతికి పట్టుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఈ తూకాలన్నీ పక్కన పెట్టాలి. ర్యాగింగ్, వేధింపు, కులం పేరుతో అవమానం గురించి పదిమందిలో ఒక్కరు చెప్పినా, మిగతా తొమ్మిది మంది సంతోషంతో దాన్ని కొట్టేయడానికి వీల్లేదు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది, యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి విద్యాసంస్థలోనూ కమిటీ ఉండాలి. ఫిర్యాదు చేస్తే ఆ కమిటీ ఏం చేసిందన్నది కూడా సీనియర్లను అడగదగిన ప్రశ్నే.

చివరిగా, ప్రాంగణంలో ఎంతమందిని అడిగినా దొరకని గొంతు ఒకటుంది. అది చదువు మధ్యలో మానేసి ఇంటికొచ్చినవాళ్లది. వాళ్లు విశ్వవిద్యాలయం గేటు దగ్గర కనిపించరు. ఇక్కడే పల్లెల్లో చెనిక్కాయ పొలాల్లో, కదిరి దుకాణాల్లో ఉంటారు. డబ్బు లేక మానారా, ఇంట్లో కష్టమొచ్చి మానారా, అక్కడ ఇమడలేక మానారా అని మర్యాదగా, ఓపికగా అడిగితే చెబుతారు. మొదటి రెండు కారణాలు ఆ కుటుంబానివి, మూడోది విశ్వవిద్యాలయానిది.