తార్నాక పత్రాలకు అనువాదకులేరీ?

సికింద్రాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పర్షియన్ పత్రాలున్నాయి. జాగీర్లు, శిస్తులు, సైనికుల జీతాలు: మన సామాజిక చరిత్రకు ఇంతకన్నా గట్టి ఆధారాలు అరుదు. స్కాన్ చేస్తే చాలదా అంటారు కొందరు. స్కానింగ్ కాగితాన్ని కాపాడుతుంది గానీ గొలుసుకట్టు షికస్తా రాతను చదివి పెట్టదు. కవిత్వం మాత్రమే చదివిన పర్షియన్ పండితుడికీ రెవెన్యూ లెక్కలు కొరుకుడుపడవు. నేరుగా తెలుగులోకే తేవచ్చుగా అన్న ప్రశ్న సబబే. అయితే 1880లలో నిజాం పాలన పర్షియన్ నుంచి ఉర్దూకు మారినప్పుడు ఆ రెవెన్యూ పరిభాష చాలావరకు ఉర్దూలోనే నిలిచింది, కాబట్టి ముందు ఉర్దూలోకి తేవడమే సులువు. ఇలాంటి పని మనకు కొత్త కాదు: 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పుట్టిన దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ చరిత్ర, అర్థశాస్త్ర గ్రంథాలనెన్నో ఉర్దూలోకి తెచ్చింది. ఇప్పుడు ఉస్మానియా, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాలు కలిసి పర్షియన్ విద్యార్థులకు సామాజిక శాస్త్రాలు నేర్పాలి. ప్రభుత్వం వారికి ఆర్కైవ్స్‌లో స్థిరమైన కొలువులివ్వాలి.