గడప నుండి గడపకు

హైదరాబాదు నుండి షికాగోకు ఆకాశమార్గాన దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానాన్ని ప్రారంభించింది. ప్రయాణకాలం ఇంచుమించు 17 గంటలు. తరువాత ఆ సర్వీసు నిలిచిపోయింది.

విమానంలో గడిపే కాలమే ప్రయాణకాలమని భావించడం పొరపాటు. నార్కట్‌పల్లి విద్యార్థి విజయవాడ రహదారి మీదుగా శంషాబాదు చేరడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. దుబాయిలో విమానం మారాలంటే నిరీక్షణ తప్పదు. ఇల్లు విడిచిన క్షణం నుండి లెక్కిస్తే ఒక రోజుకు పైమాటే. షికాగో గడియారం శీతకాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. అందువల్ల తెల్లవారుజామున విమానమెక్కినవారు ఆ తేదీ సాయంత్రానికే దిగినట్లు కనిపిస్తుంది. అలా మిగిలిన కాలాన్ని తిరుగు ప్రయాణంలో అప్పువలె తీర్చవలసిందే.

తల్లి మంచాన పడినప్పుడు ఈ లెక్క విలువ తెలుస్తుంది. కబురు క్షణంలో అందుతుంది. కుమారుడు ఎంత త్వరపడినా రెండు రోజులకు గాని గడప తొక్కలేడు. ఒక్కొక్కప్పుడు కడసారి చూపు కూడా దక్కదు.

విదేశవిద్య వద్దనడం వివేకం కాదు. అయితే ఆపత్కాలంలో ఇంట ఎవరు తోడుంటారో ప్రయాణానికి ముందే కుటుంబమంతా కూర్చుని నిర్ణయించుకోవాలి. టికెట్టు కొనడానికి ముందు చేయవలసిన పని అదే.