నాలుగేళ్ల ప్రొబేషను

పాల్వంచ పరగణా తహశీల్దారు గోపన్న కూడా ఉద్యోగే. గోల్కొండ చెరలో ఆయన రాముణ్ణే నిలదీశాడు. భద్రాచలం చుట్టుపక్కల అడవి పల్లెల్లో పనిచేసే కుర్ర పంచాయతీ కార్యదర్శి ఎవరిని నిలదీయాలి?

తెలంగాణలో 2019లో చేరిన జూనియర్ కార్యదర్శులకు తొలి జీతం 15 వేలు. మూడేళ్లన్న ప్రొబేషను నాలుగేళ్లయింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకుంటే 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కొలువుకే ముప్పు. ఎండలు మండే ఈ సీమలో, మొక్క వాడితే మనిషికి నిద్ర పట్టదు మరి! దాన్ని మనోదౌర్బల్యమనడం నా మట్టుకు నాకు అన్యాయంగా తోస్తుంది. ధ్యాన శిబిరాలు తర్వాత; ముందు ఖాయపరిచే ఉత్తర్వు చేతికివ్వాలి.

2023 ఏప్రిల్ చివర సమ్మెకు దిగితే, తొలగిస్తామన్న హెచ్చరికలొచ్చాయి. విరమించాక ఆ యేడే క్రమబద్ధీకరణ మొదలైంది, పనితీరుకు మార్కులు వేసి. మళ్లీ పరీక్షే!